పట్టణంలో ఇల్లు ఎవరిస్తారు? ఎవరి నేలమీద ఇస్తారు?

పట్టణంలో అద్దెగది కోసం తిరిగినప్పుడు మాకు మొదట ఎదురైన ప్రశ్న అద్దె ఎంత ఇచ్చుకోగలరని కాదు. ‘మీరేటోలు బాబూ?’ అని. ఊరి పేరు చెప్తాం. ‘ఊరు కాదు, మీరేటోలని’ అని మళ్ళీ అడుగుతారు. చెప్పాక, ఆ గది నిన్ననే ఎవరికో మాటిచ్చేశామంటారు. టులెట్ బోర్డు మాత్రం గేటుకి వేలాడుతూనే ఉంటుంది. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మాది. ఆ డిగ్రీ కాగితంతో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ అద్దింటి గుమ్మం దాటలేం. ఇది మా ఒక్కరి గోడు కాదు. దళిత విద్యార్థులకీ, టీచర్లకీ, మునిసిపల్ కార్మికులకీ తెలిసిన సంగతే. పట్టణంలో ఇంటి సమస్యని ఎక్కడ నిలబడి చూడాలో చెప్పడానికే దీన్ని ముందు పెడుతున్నాం.

ఇంటి సమస్య అనగానే మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అధికారంలో ఉన్నవాళ్ళు ఇన్ని లక్షల పట్టాలిచ్చాం, ఇన్ని ఇళ్ళు మంజూరు చేశాం అని లెక్క చెప్తారు. ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళు అందులో ఎన్ని పూర్తికాలేదో లెక్క చెప్తారు. రెండు లెక్కల్లోనూ ఇల్లంటే పేదవాడికి రాజ్యం చేసే సాయం. కులం ఎక్కడా కనపడదు. మేము చెప్పదలచుకున్నది వేరు. ఒక పట్టణం ప్రభుత్వ గృహవసతి పెట్టాలా వద్దా అన్న చర్చలో డబ్బు కంటే ముందు మూడు ప్రశ్నలున్నాయి. నిర్ణయించేది ఎవరు? నేల ఎవరిది? ఆ ఇల్లు ఊళ్ళో ఉంటుందా, ఊరవతల ఉంటుందా? ఎలమంచిలి పట్టణాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ మూడింటినీ పరిశీలిద్దాం.

మూడు రకాల ఇళ్ళు

ముందు మాటలు తేల్చుకోవాలి. మన రాష్ట్రంలో ‘ప్రభుత్వ ఇల్లు’ అన్న మాటని మూడు వేరువేరు వాటికి వాడుతున్నాం.

మొదటిది స్థలం పట్టా. ప్రభుత్వం చిన్న స్థలమిచ్చి, కట్టుకోవడానికి కొంత సొమ్మిస్తుంది. మిగతాది అప్పుచేసి కట్టుకోవాలి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడిననాటి నుంచీ పథకం పేర్లు ఎన్ని మారినా ఎక్కువగా నడిచింది ఈ దారే. రెండోది ఫ్లాటు. 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం మొదలయ్యాక టిడ్కో సంస్థ 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో కట్టించినవి ఈ కోవలోవి. పెద్ద ఫ్లాట్లలో లబ్ధిదారుడి వాటా, బ్యాంకు అప్పు కలిసి ఉంటాయి. మూడోది ప్రభుత్వం తానే కట్టి, తన ఆస్తిగానే ఉంచుకుని, జనం భరించగలిగే అద్దెకిచ్చే ఇల్లు. ప్రపంచమంతటా ప్రభుత్వ గృహవసతి అంటే ముందుగా గుర్తొచ్చేది ఇదే. మన పేదలకు దాదాపుగా తెలియనిదీ ఇదే.

అలాగని మన ప్రాంతంలో అది అసలు లేదనుకుంటే పొరపాటు. విశాఖలో పోర్టు క్వార్టర్లున్నాయి. రైల్వే క్వార్టర్లున్నాయి. ఉక్కునగరంలో సుమారు 8 వేల క్వార్టర్లున్నాయి. ఇవన్నీ ప్రభుత్వ సొమ్ముతో కట్టి ఉద్యోగులకు కేటాయించిన ఇళ్ళు. వీటిని కట్టేటప్పుడు ఖజానా ఖాళీ అవుతుందని గానీ, జనం సోమరులవుతారని గానీ ఎవరూ అనలేదు. ఉద్యోగి పని చెయ్యాలంటే ఇల్లుండాలి అన్నారు. ఈ తర్కం రోడ్డు ఊడ్చే మనిషి దాకా, కంపెనీలో కాంట్రాక్టు కూలి దాకా ఎందుకు రాలేదన్నదే మా ప్రశ్న.

ఈ క్వార్టర్లలో గమనించాల్సింది ఇంకొకటుంది. రిజర్వేషన్ మీద ఉద్యోగంలో చేరిన దళితుడికి అక్కడ ఇల్లు దొరికింది గ్రేడును బట్టి, సర్వీసును బట్టి. ‘మీరేటోలు’ అన్న ప్రశ్నని బట్టి కాదు. ఒకే గోడకి అటూ ఇటూ వేరువేరు కులాలవాళ్ళు కాపురాలు చేశారు. కింది గ్రేడువాళ్ళు కింది తరగతి క్వార్టర్లలోనే ఉన్నారు, ఆ అసమానత అక్కడా ఉంది. అయినా ఇంటి యజమాని ప్రభుత్వమైతే గుమ్మం దగ్గర కులం అడిగే హక్కు ఎవరికీ ఉండదని ఆ క్వార్టర్లు రుజువు చేశాయి. శాశ్వత ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు పని పెరిగిన కొద్దీ ఆ గుమ్మం కూడా తక్కువమందికి అందుతోంది.

పంచాయతీలో ఉన్న మాట మునిసిపాలిటీలో లేదు

ఎలమంచిలి చెన్నై–కలకత్తా జాతీయ రహదారి మీద, రైల్వే లైను మీద ఉన్న పాత ఊరు. తూర్పు చాళుక్యుల చరిత్రలో దాని పేరుంది. చాలాకాలం పంచాయతీగానే ఉండి, ఈ శతాబ్దంలో పురపాలక సంఘమైంది. 2021 మార్చిలో అక్కడ పురపాలక ఎన్నికలు జరిగాయి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కొత్త జిల్లా అయినప్పుడు ఎలమంచిలి విశాఖపట్నం జిల్లా నుంచి అందులోకి మారింది.

పంచాయతీ మునిసిపాలిటీ అయితే ఏం మారుతుంది? పన్ను పెరుగుతుందని అందరికీ తెలుసు. ఇంటి విషయంలో ఏం మారుతుందో చాలామంది గమనించరు. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. 73వ సవరణ పంచాయతీల కోసం పదకొండో షెడ్యూలు చేర్చింది. అందులో 29 అంశాలున్నాయి, పదో అంశం గ్రామీణ గృహవసతి. 74వ సవరణ మునిసిపాలిటీల కోసం పన్నెండో షెడ్యూలు చేర్చింది. అందులో 18 అంశాలున్నాయి. పట్టణ ప్రణాళిక ఉంది, కట్టడాల నియంత్రణ ఉంది, మురికివాడల మెరుగుదల ఉంది, పట్టణ పేదరిక నిర్మూలన ఉంది. శ్మశానాలున్నాయి, బందెలదొడ్లున్నాయి. గృహవసతి అన్న మాట మాత్రం విడిగా ఎక్కడా లేదు.

ఇది అచ్చుతప్పు కాదు, ఒక దృష్టి. ఊళ్ళో ఇల్లులేనివాడిని ఇల్లు కావాల్సిన మనిషిగా చూశారు. అదే మనిషి పట్టణానికొస్తే మురికివాడగా చూశారు. మురికివాడకి కావాల్సింది మెరుగుదల లేదా తొలగింపు, అంతే. 1980ల చివర్లో బ్రిటిష్ సాయంతో విశాఖలో నడిచిన మురికివాడల అభివృద్ధి పథకం ఉన్నచోటనే రోడ్లు, కాలవలు, వీధిదీపాలు వేసింది. మంచిదే. తర్వాతి కాలంలో నగరం మధ్య నుంచి కొందరిని మధురవాడ వైపు తరలించారు. రెండు సందర్భాల్లోనూ పట్టణానికి ఎన్ని అద్దె ఇళ్ళు కావాలి అన్న లెక్క నగరపాలక సంస్థ చేతికి రాలేదు.

ఈ తేడా కాగితం మీదే ఆగలేదు. 2020 డిసెంబరు 25న మొదలైన ‘పేదలందరికీ ఇళ్ళు’ పథకంలో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలమిచ్చారు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, 435 చదరపు అడుగుల పైచిలుకు. ఇంత చిన్న స్థలంలో ఇళ్ళు కట్టడం మీద 2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం అభ్యంతరం చెప్పింది. తర్వాత డివిజన్ బెంచి ఆ తీర్పును పక్కనపెట్టింది. 2024లో ప్రభుత్వం మారాక గ్రామాల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు అన్నారు. కొలత పెరిగింది గానీ తేడా పోలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూడా గ్రామాలకే వర్తించింది. ఊరికి మునిసిపాలిటీ బోర్డు వేలాడేసినందుకు కూలివాళ్ళకి ఉపాధి పనిదినాలు పోవడం, రావలసిన స్థలం తగ్గడం పట్టణాభివృద్ధి అనిపించుకుంది.

అసలు కొలతలు నిర్ణయించేది రాజధానిలో, లబ్ధిదారుల అర్హతలు నిర్ణయించేది రాజధానిలో, స్థలం చూసేది రెవెన్యూ అధికారులు. కౌన్సిలర్లు ఫొటోలో నిలబడతారు. గెలిచిన దళిత కౌన్సిలరు తన వార్డులో ఎంతమందికి ఇల్లు లేదో చెప్పగలదు గానీ ఎక్కడ కట్టాలో చెప్పే వీలు లేదు. స్థానిక సంస్థల్లో మనకు రిజర్వేషన్ వచ్చింది. కుర్చీ వచ్చినంత తొందరగా అధికారం రాలేదు.

పేదల ఇంటికి పేదల భూమి

రెండో ప్రశ్న నేల. ఇళ్ళ స్థలాలకు భూమి ఎక్కణ్ణుంచి తెస్తారు? ప్రైవేటు భూమి కొంటే ఖర్చు. అందుకని ప్రభుత్వ భూమి వెతుకుతారు. ఉత్తరాంధ్రలో ప్రభుత్వ భూమి అని రికార్డులో రాసున్న చోటికి వెళ్ళి చూస్తే చాలాచోట్ల అక్కడ ఎవరో ఒకరు సాగు చేస్తుంటారు. కొండ కింద మెట్ట, గెడ్డ పక్క పోరంబోకు. జీడి, కొబ్బరి, అపరాలు. సాగు చేసేవాళ్ళు ఎక్కువగా దళితులు, వెనకబడిన కులాల చిన్న రైతులు. కొందరికి డి-పట్టా ఉంటుంది. కొందరికి అది కూడా ఉండదు.

డి-పట్టా భూమి అమ్మడం కొనడం చెల్లదని 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం చెప్తుంది. పేదల చేతి నుంచి భూమి జారిపోకుండా ఆ చట్టం చేశారు. 2023 సవరణతో ఇరవై ఏళ్ళు దాటిన సాగు పట్టాలకు ఆ నిషేధం సడలించారు. మరి అదే భూమిని ప్రభుత్వం తీసుకుంటే? అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానంగా నష్టపరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. డి-పట్టా దయాధర్మం కాదు, హక్కు అని ఆ తీర్పు సారాంశం.

2020 జనవరి 25న వచ్చిన 72వ నంబరు జీవోని ఈ వెలుగులో చదవాలి. విశాఖ నగరంలోని పేదలకు ఇళ్ళ స్థలాల కోసం సబ్బవరం, అనకాపల్లి, ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి తదితర పది మండలాల్లో 6,116 ఎకరాల పైచిలుకు భూమిని సమీకరిస్తామని అది చెప్పింది. సేకరణ అనలేదు, సమీకరణ అన్నారు. సేకరణ అంటే చట్టముంది, పరిహారముంది. సమీకరణ అంటే రైతు ఇష్టపడి ఇచ్చినట్టు లెక్క. ఎకరం డి-పట్టా ఉన్నవాళ్ళకి అభివృద్ధి చేసిన 900 చదరపు గజాల స్థలం, పదేళ్ళు దాటి సాగు చేస్తున్న ఆక్రమణదారుకి 450, అయిదు నుంచి పదేళ్ళ సాగుకి 250 గజాలు ఇస్తామన్నారు.

ఎకరానికి 4,840 గజాలు. 900 గజాలంటే అయిదో వంతు కూడా కాదు. 450 అంటే పదో వంతు లోపు. రోడ్లు వేశాక ఆ స్థలానికి ధర పెరుగుతుంది కదా అన్నది ప్రభుత్వ వాదన. దాన్ని కొట్టిపారెయ్యం. కానీ ధర పెరగడం అమ్ముకునేవాడికి లాభం. ఆ చెక్క మీద ఏడాది తిండి గింజలు, మేకల మేత, చేతికింద కూలి ఉన్నవాళ్ళకి 900 గజాల ప్లాటు పొలం కాదు. పైగా పట్టా షరతులు తప్పావని భూమి వెనక్కి తీసుకోగల అధికారి ఎదురుగా కూచుని అంగీకారపత్రం మీద సంతకం పెట్టమంటే, ఆ సంతకాన్ని ఇష్టపూర్వకం అనగలమా? హైకోర్టులో వ్యాజ్యం నడిచాక, 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో లక్షా ఇరవై వేల పైచిలుకు మహిళలకు పట్టాల పంపిణీ మొదలైంది.

ఆ పట్టాలు అందుకున్న ఆడవాళ్ళు మనవాళ్ళే. భూమి పోగొట్టుకున్నవాళ్ళూ మనవాళ్ళే. ఒక దళితురాలికి ఇల్లివ్వడానికి ఇంకో దళితుడి చెక్క తీసుకుంటే, ఇల్లు దక్కినామె పొలం పోయినతని మీదా, పొలం పోయినతను ఆమె మీదా కోపం తెచ్చుకుంటారు. నగరం నడిబొడ్డున ఖాళీగా ఉన్న పెద్ద స్థలాల జోలికి ఎవరూ పోరు. నగర భూమిని పేదల ఇళ్ళకి కూడా అందేలా చెయ్యడానికి 1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చింది. 2008లో దాని రద్దు ఈ రాష్ట్రంలో అమల్లోకి వచ్చింది. అంటే నగరంలో మిగులు భూమికి తలుపు మూసి, నగరం చుట్టూ ఉన్న డి-పట్టా భూమికి తలుపు తీశారు.

ఎలమంచిలి 72వ జీవో మండలాల్లో లేదు. కానీ దాని పక్కనున్న అచ్యుతాపురం, రాంబిల్లి మండలాలు 2000ల దశకంలోనే ప్రత్యేక ఆర్థిక మండలం కోసం వేల ఎకరాలు ఇచ్చాయి. అంతకుముందు ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు లేచిపోయాయి. బట్టల ఫ్యాక్టరీలో, మందుల కంపెనీల్లో పనికొచ్చిన వేలాదిమంది, అందులో ఆడవాళ్ళు ఎక్కువ, రోజూ దూరాల నుంచి బస్సుల్లో వస్తారు, లేదా చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుంటారు. కంపెనీకి ఎకరాల్లో భూమి ఇచ్చినప్పుడు కూలివాళ్ళు ఎక్కడ పడుకుంటారన్నది ఒప్పందంలో ముఖ్యమైన షరతు కాలేదు. ఆ భారమంతా ఎలమంచిలి లాంటి పట్టణాల అద్దె గదుల మీద పడింది. అక్కడ గుమ్మంలో పాత ప్రశ్నే ఎదురొస్తుంది.

కాలనీ అంటే ఎవరు?

మూడో ప్రశ్న ఇల్లు ఎటువైపున అన్నది. నగరంలో ‘కాలనీ’ అంటే మధ్యతరగతి ఉండే చోటు. పల్లెల్లో కాలనీ అంటే మనం. ‘కాలనీవోళ్ళు’ అంటే చాలు, కులం పేరు చెప్పనక్కర్లేదు. మాలపేట, మాదిగవీధి, రెల్లివీధి అన్న పేర్ల స్థానంలో ప్రభుత్వ పథకాల పేర్లొచ్చాయి. ఊరికి దూరం మాత్రం అంతే ఉంది. ప్రభుత్వం కట్టించిన ఇల్లు కూడా వెలివాడని పెంకు నుంచి సిమెంటుకి మార్చింది. తుడిచెయ్యలేదు.

దళితులకు విడిగా ఇళ్ళు కావాలని అడిగిన సందర్భాలూ ఉన్నాయి. 1947లో అంబేద్కర్ రాజ్యాంగసభ కోసం రాసిన ‘రాష్ట్రాలు–అల్పసంఖ్యాకులు’ పత్రంలో ప్రభుత్వ భూముల మీద షెడ్యూల్డు కులాలకు వేరు గ్రామాలు, అందుకొక కమిషన్ కోరారు. 1985 జూలై 17న కారంచేడు మారణకాండ తర్వాత అక్కడి మాదిగలు ఊరికి తిరిగి వెళ్ళం అన్నారు. చీరాలలో విజయనగర్ కాలనీ అలా పుట్టింది. ఇవి వెలిని ఒప్పుకోవడం కావు. భూమి, నీళ్ళు, రక్షణ తమ చేతిలో ఉండే చోటు కోరడం. ఎవరు కోరుకున్నారు, ఏ షరతులతో కోరుకున్నారు అన్నది ముఖ్యం. పట్టణానికి ఆరు కిలోమీటర్ల అవతల, బస్సు లేని చోట, బడి లేని చోట పట్టా చేతిలో పెడితే అది చీరాల కాదు. అది పాత పేటే.

ఇంటి దూరమంటే కూలి. తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టాల్సిన రెల్లి కార్మికురాలికి ఆటో దొరకదు. అందుకే ఊరవతల ఇల్లు వచ్చినా చాలామంది తాళం వేసి పాత చోటనే అద్దెకుంటారు. ‘ఇస్తే ఉండరు’ అన్న మాట అలా పుడుతుంది.

బయట ఎలా చేశారు?

వియన్నా నగరం 1922లో ఆస్ట్రియాలో విడి రాష్ట్రమైంది. సొంతంగా పన్నువేసే అధికారం వచ్చింది. 1923లో ఇళ్ళ మీద పన్ను వేసింది, విలాసవంతమైన ఇళ్ళ మీద ఎక్కువ రేటు. ఆ సొమ్ముతో 1934 లోపల 60 వేలకు పైగా ఇళ్ళు నగరం లోపలే కట్టి కార్మికులకు అద్దెకిచ్చింది. సింగపూర్ 1960లో గృహనిర్మాణ బోర్డు పెట్టింది. 1989 నుంచి ప్రతి భవనంలో ఏ జాతివాళ్ళు ఎంత శాతానికి మించకూడదో నియమం పెట్టింది, ఒక భవనం ఒక జాతి పేట కాకుండా. ఈ రెండు చోట్లా రాజకీయాలు మనవి కావు, సింగపూర్‌లో పౌరస్వేచ్ఛ సంగతి వేరు. మనం నేర్చుకోవాల్సింది రెండే. అధికారం, పన్ను నగరం చేతిలో ఉంటే ఇల్లు కట్టగలదు. ఎవరి పక్కన ఎవరుండాలన్నది మార్కెట్టుకి వదిలెయ్యకుండా నియమం పెట్టవచ్చు.

పురపాలక సంఘం ఏం తీర్మానించాలి?

డబ్బు లేదన్న అభ్యంతరం నిజమే. ఎలమంచిలి లాంటి పట్టణం ఇంటిపన్నుతో వేల ఇళ్ళు కట్టలేదు. అయితే 2024లో వచ్చిన ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్ళకు కూడా విభాగముంది. దాన్ని అడగాలంటే ముందు పట్టణం తనకేం కావాలో తీర్మానించుకోవాలి. ఆ తీర్మానంలో ఇవి ఉండాలని మా అభిప్రాయం.

మొదట, మునిసిపాలిటీ పరిధిలో ప్రభుత్వ, పురపాలక స్థలాల జాబితా వార్డు వారీగా బయటపెట్టాలి. ఎవరి ఆక్రమణలో ఉన్నాయో కూడా రాయాలి. రెండు, సాగులో ఉన్న డి-పట్టా భూమిని ఇళ్ళ కోసం తియ్యకూడదు. తప్పనిసరైతే చట్టప్రకారం పరిహారం, సమానమైన సాగుభూమి ఇచ్చాకే. మూడు, ఇళ్ళు పనిచోటుకి నడిచి వెళ్ళగల దూరంలో ఉండాలి. నాలుగు, కొన్ని ఇళ్ళయినా పురపాలక ఆస్తిగా, అద్దెకే ఉండాలి. మొదటి కేటాయింపు పారిశుధ్య కార్మికులకు, వాళ్ళు కాంట్రాక్టువాళ్ళయినా సరే. అయిదు, ఏ భవనమూ ఒకే కులానిది కాకుండా లాటరీలో కలిపి కేటాయించాలి. ఎస్సీ, ఎస్టీల వాటా మాత్రం ముందే తేల్చాలి. ఆరు, అద్దె చీటీ ఇంటి ఆడమనిషి పేరున ఉండాలి.

ఇస్తే అమ్ముకుంటారు అంటారు. అద్దె ఇల్లు అమ్ముకోవడం కుదరదు. ఆ అభ్యంతరానికి జవాబు అందులోనే ఉంది.

ఈ పని కౌన్సిలు తనంతట తాను మొదలుపెట్టదు. కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద పురపాలక స్థలాల జాబితా అడగాలి. విద్యార్థులు ఒక్కో వార్డులో అద్దెకుంటున్న కుటుంబాల లెక్క తియ్యాలి. ఎంత అద్దె, ఎంత దూరం, ఎన్ని గుమ్మాల దగ్గర కులం అడిగారు అన్నవి రాసుకోవాలి. టీచర్లు ఆ కాగితాలు సరిచూడాలి. కుటుంబాల లెక్క, స్థలాల లెక్క పక్కపక్కన పెట్టి కౌన్సిలు ముందుంచితే, ఇల్లు కట్టాలా వద్దా అన్న ప్రశ్నకి వాళ్ళు అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్పక తప్పదు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న అడిగించుకోకుండానే తప్పించుకున్నారు.